పెద్దరాయి మలుపులో మొక్కు టీ

దేవుడికి మొక్కుకునేటప్పుడు "మంచి" అన్న మాట వాడకూడదని మా కొండల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. "తాతా, ఈ పని జరిగితే దారినపోయేవాళ్లకు టీ పోస్తాను" అంటే చాలు. ఏ టీ అని ఆయన ఆరా తియ్యడు. బోంగ్‌చీకి మాత్రం ఆ రోజు మాట మీద పట్టు తప్పింది. మొగుడు పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి కింద పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆవిడ పెద్దరాయి మలుపులో, ఊరి నేలను కాచే నేలతాత గుడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎవరి మొక్కో దేవుడు పొరబడకుండా తన పేరు, ఊరు, ఇంటి నంబరు, పుట్టిన తిథి ఒప్పజెప్పింది. ఆ తర్వాత గట్టిగా అనేసింది: "తాతా, మా ఆయన ఎడమ చెయ్యి మళ్లీ ఆకుచాట ఎత్తితే, మా ఇంట్లో తయారైన టీలన్నిటిలోకీ మంచిది ఏడాది పొడుగునా ఈ దారిన పోయేవాళ్లకి పోస్తాను."

గుడి ముందు ఊడుస్తున్న లిమ్ తాత చీపురు ఆపేశాడు. గుడి బాగోగులన్నీ ఆయనవే.

"అమ్మాయ్, 'అన్నిటిలోకీ మంచిది' అన్నావా?"

"అన్నాను తాతా."

"నాకు వినపడింది. ఆయనకి వినపడలేదని మాత్రం నేను చెప్పలేనమ్మా."

ఆ చలికాలం దాటేసరికి చెయ్యి లేచింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ చెయ్యి చుయ్‌హోక్‌ది. తైవాన్ నడిమి కొండల్లో, మధ్యాహ్నం దాటితే మబ్బులు చెప్పాపెట్టకుండా వంటింట్లోకి వచ్చేసే ఎత్తులో ఉంది వాళ్ల తోట. వాళ్ల నాన్న వెదురు కొట్టేసి ఆ మొక్కలు నాటాడు. చుయ్‌హోక్ చేసిన టీకి పేరుంది. ఆ పేరు ఆయనకూ తెలుసు, తెలుసని అందరికీ తెలిసేలా తిరుగుతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. అలాంటి మనిషి అన్నం గిన్నె ఎడమ చేత్తో పట్టుకోలేక బల్ల మీద పెట్టి, కుక్కలా వంగి తిన్నాడు కొన్ని నెలలు. ఆ చలికాలం ఆకును వేరేవాళ్లు వచ్చి టీ చేసిపెట్టారు. ఊళ్లో ఒకరిద్దరు "ఇంకేముంది, చుయ్‌హోక్ పని అయిపోయింది" అన్నారు. ఆ మాటను ఆయన కిటికీలోంచి తన చెవులతోనే విన్నాడు.

భార్య పేరు బోంగ్‌చీ అంటే "సరే, ఎలాగోలా పెంచుదాం" అని అర్థం. నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదోదిగా పుట్టింది మరి. ఆ పేరు పెట్టిన నాయనమ్మకు చివరి రోజుల్లో గంజి తాగించింది ఈ ఐదోదే. కింద మైదానం నుంచి ఆకు కోసే ఆడవాళ్ల జట్టుతో చూపుడు వేలికి బ్లేడు కట్టుకుని కొండెక్కింది. మొదటి రోజు మధ్యాహ్నం, కోతవాళ్లకని బకెట్‌లో పెట్టిన టీ ఓ గుక్క తాగి, తోట యజమాని కొడుకు మొహం మీదే అంది: "ఇది టీయా, గిన్నెలు కడిగిన నీళ్లా? మా చేతుల్లోంచి పోయిన ఆకు ఇంత అన్యాయంగా తిరిగొస్తుందా?" ఆ కొడుకే చుయ్‌హోక్. ఒళ్లు మండి, తన కోసం దాచుకున్న టీ తెచ్చి, అన్నం గిన్నెలో వేసి, వేణ్ణీళ్లు పోసి ఇచ్చాడు. ఆవిడ తాగింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారేనని చుయ్‌హోక్ పదిమందిలో చెప్పుకుంటాడు.

వసంతం వచ్చింది. ఆకు కోసిన రోజు పొద్దున పల్చటి ఎండ కాసింది. మధ్యాహ్నం ఉత్తరపు గాలి తిరిగింది, ఆకు ఎంత వాడాలో అంతే వాడింది. అప్పుడు గానీ మబ్బు దిగలేదు. అలాంటి రోజు టీ చేసేవాడికి బతుకులో ఎన్నిసార్లు వస్తుందో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చుయ్‌హోక్ గోడకున్న వెదురు ఆకుచాట దించి రెండు చేతులా పట్టుకున్నాడు. బోంగ్‌చీ ఎదురుగా నిలబడింది. జారితే పట్టుకుందామని చేతులు ముందుకు చాపింది కానీ ముట్టుకోలేదు. ఆయన కుదిపాడు. ఆకు లేచి, పక్కలు తిరిగి, మళ్లీ చాటలో పడింది. అంచులు కాస్త నలిగి ఎర్రబడాలి, నడుమ పచ్చగానే ఉండాలి. ఎంతసేపు కుదపాలో, ఎంతసేపు వదిలెయ్యాలో ముక్కే చెప్పాలి. మొదట గడ్డి వాసన వచ్చింది, తర్వాత ఏ వాసనా లేదు, ఆ తర్వాత ఎక్కడినుంచో పువ్వు. వేయించి, గుడ్డలో మూటగట్టి నలిపి, విప్పి, ఆరబెట్టి, మళ్లీ మూటగట్టి, చివరికి ఆకు ఆకుపచ్చటి గోళీలు అయ్యేదాకా ఆయన ఎడమ చెయ్యి మాట వింది.

మరునాడు బోంగ్‌చీ ఆ టీని అన్నం గిన్నెలో వేసి వేణ్ణీళ్లు పోసింది. పింగాణీ గరిటె ముంచి తీసి, దాని వీపు వాసన చూసింది. ఎవరు టీ చేసినా మా దగ్గర ముందు గరిటె వీపు వాసనే చూస్తారు. కప్పు వాసన మోసం చెయ్యొచ్చు, గరిటె చెయ్యదు. తర్వాత తాగింది. రంగు వెలిసిన పసుపు గుడ్డలా లేతగా ఉంది. నాలుక మీద మొదట ఏమీ లేనట్టు, మెత్తటి నీళ్లలా ఉంది. మింగాక అసలు సంగతి మొదలైంది. గొంతులో చెరుకు తీపి తిరిగొచ్చింది, దాని వెనకే వాగు గట్టున తెల్ల అల్లంపూలు పూసినప్పటి చల్లదనం పైకి లేచింది. దాన్నే మావాళ్లు కొండ ఊపిరి అంటారు. కింద తోటల్లో ఎంత గొప్పవాడు చేసినా అది రాదు.

"ఇది నువ్వు చేసింది కాదయ్యా," అంది బోంగ్‌చీ, కళ్లు తుడుచుకుంటూ. "ఎవరో నీ చొక్కా వేసుకొచ్చి చేసిపోయారు."

చుయ్‌హోక్ నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు, "ఈ మూట పోటీకి పంపిస్తున్నాను."

కింద పట్నంలో ఏటా వసంతకాలపు టీ పోటీ జరుగుతుంది. దానికి ఒకే రోజు చేసిన టీ నిండు మూట ఒకటి సీలు వేసి ఇవ్వాలి. ఆ రోజు చేసినది సరిగ్గా ఒక మూట, దాని పైన కొద్దిగా. "చుయ్‌హోక్ పని అయిపోయింది" అన్నవాళ్ల నోళ్లు మూయించడానికి ఆయనకు వేరే దారి లేదు. మళ్లీ అలాంటి రోజు ఎప్పుడొస్తుందో, వచ్చేనాటికి ఈ చెయ్యి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

"మూట ఎలా నిండుతుంది?" అంది బోంగ్‌చీ. "రేపటినుంచి అది మలుపులో పోస్తున్నానుగా."

"ఏదీ, ఈ టీయేనా?"

"మన టీలన్నిటిలోకీ మంచిదని మొక్కాను. ఇంతకన్నా మంచిది ఉంటే చూపించు, అదే పోస్తాను."

"లారీవాళ్లకి పోస్తావటే ఇది! వక్క నమిలీ నమిలీ నాలుకలు మొద్దుబారిపోయినవాళ్లకి! గాడిదకేం తెలుసే గంధప్పొడి వాసన?"

"గాడిదలకి పోస్తానని మొక్కలేదయ్యా, మనుషులకే మొక్కాను. అయినా నాతో ఎందుకు, వెళ్లి ఆయన్నే అడుగు. ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?"

చుయ్‌హోక్ నిజంగానే వెళ్లాడు. అరటిపళ్లు, అగరొత్తులు పట్టుకుని వెళ్లాడు. నెలవంకల్లాంటి ఎర్ర చెక్కబిళ్లలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే నేలతాత సరేనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నట్టు. రెండూ బోర్లా పడితే కుదరదని.

"తాతా, వేసవి టీ పోస్తాను. అదీ బాగానే ఉంటుంది." బిళ్లలు విసిరాడు. నేలతాత నవ్వాడు.

"పోనీ, మొన్నటి చలికాలం టీ." మళ్లీ నవ్వాడు.

"సగం ఇదీ, సగం అదీ కలిపి..." ఈసారి బిళ్లలు రెండూ బోర్లా పడి, నేలకు కరుచుకున్నట్టు ఉండిపోయాయి.

లిమ్ తాత పక్కనే నిలబడి చూస్తున్నాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి ఏ పేచీ లేదు నాయనా. దేవుడే ఒప్పుకోవడం లేదు," అన్నాడు.

దాంతో మలుపులో కుళాయి ఉన్న స్టీలు క్యాను వెలిసింది. పక్కన గొలుసుకు కట్టిన కప్పులు, మీద రేకు నీడ. బోంగ్‌చీ పొద్దున్నే ఊటనీళ్లు పెద్ద గుండిగలో మరగబెట్టి, దించి, ఆకును వదులుగా కట్టిన పల్చటి గుడ్డసంచీలో వేసి ముంచేది. ఆకు ఒళ్లు విరుచుకోవడానికి చోటు కావాలి, బిగించి కడితే అలుగుతుంది అనేది. గడియారం వైపు చూసేది కాదు, ఆవిరి మీదకు వంగి నిలబడేది. గడ్డి వాసన పోవాలి, పువ్వు రావాలి, ఆ పువ్వు వెనకాల కొత్తబియ్యం గంజి వాసన తగలగానే సంచీ పైకి లాగేసేది. అదే ఆకుకు మళ్లీ నీళ్లు పోసి ఇంట్లోకి తెచ్చేది. మొదటి నీళ్లు దారివాళ్లకు, రెండో నీళ్లు చేసినవాడికి. చుయ్‌హోక్‌కు అది ఎంత కడుపుమంటో చెప్పలేం. ఆవిడ ఆవిరి మీద వంగి నిలబడే తీరు మాత్రం ఆయన రోజూ వంటింటి గుమ్మంలోంచి చూసేవాడు. చూస్తున్నట్టు ఆవిడకు తెలియనివ్వలేదు.

రోజుకో గుప్పెడు. మూటకు మించి మిగిలితే డబ్బాలో పోసిన కొద్దిపాటి ఆకూ కరిగిపోతోంది. పోటీకి మూటలిచ్చే రోజు దగ్గరపడుతోంది. డబ్బా ఖాళీ అయితే ఆవిడ చెయ్యి మూటలో పడుతుంది.

అప్పుడే పై కొండల తోటల్లో ఆకు కోతకు వచ్చింది. అక్కడ చలి ఎక్కువ, వసంతం ఆలస్యం. కోత జట్టుకు మనుషులు చాలలేదని బోంగ్‌చీని పిలిచారు. బయల్దేరేముందు మొగుడికి అప్పగింతలు పెట్టింది.

"డబ్బాలో ఆకు ఉంది, అయిపోతే మూట విప్పు. రోజూ పొద్దున్నే క్యాను నింపాలి. నీళ్లు దించాక..."

"పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి టీ చేస్తున్నవాడికి నువ్వు నేర్పొచ్చావా? పో పో, వ్యాను హారన్ కొడుతోంది."

"చెప్పేది విను..."

"విన్నాన్లే!"

వ్యాను మలుపు తిరగ్గానే చుయ్‌హోక్ డబ్బాలో మిగిలిన మంచి ఆకును మూటలో పోసి, మూతి బిగించి, గోడవారన పెట్టాడు. అటక మీదున్న కాడల టీ దించాడు. ఆకులోంచి ఏరి పారేసిన కాడలూ, ముదురు రెక్కలూ కలిపి వేయించి దాచుకునేది అది. వానల్లో ఒళ్లు వెచ్చబడటానికి మేం తాగుతాం, దాన్నేమీ తప్పుపట్టడానికి లేదు. క్యాను నింపాడు. నేలతాత గుడి ముందునుంచి నడిచి రావాలి కాబట్టి, బాగుచేసిన చెయ్యిని ఆయన వెనక్కి తీసుకుంటాడేమోనని ఎడమ చెయ్యి జేబులో దాచుకుని, తల వంచుకుని నడిచి వచ్చాడు.

పొద్దెక్కాక, ఆయన క్యాను చూడ్డానికి మళ్లీ మలుపులోకి వచ్చేసరికి కాబేజీ లారీ ఆగింది. దాన్ని నడిపే అతన్ని ఓకావ్ అంటారు, అంటే నల్లకుక్క. మా దగ్గర అది తిట్టు కాదు, షోకిలా మనిషని. జుట్టుకు నూనె, చేతికి బంగారు గొలుసు, నోరంతా వక్క ఎరుపు. అంత ఎరుపు నోటికి తన టీ పోస్తున్నారనే చుయ్‌హోక్ బాధంతా. ఓకావ్ కప్పు పట్టి ఓ గుక్క తాగాడు. కప్పులోకి చూశాడు. మిగిలింది కాలవలో పారబోసి, క్యాను పక్కన నిలబడ్డ చుయ్‌హోక్ వైపు తిరిగాడు.

"మావయ్యా, అత్తకి ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. పైకి కోతకెళ్లింది. ఏం?"

"ఏం లేదులే. ఇవాళ టీ వేరేగా ఉందీ..."

"టీ టీయే కదరా. నీకేం తేడా తెలిసింది?"

ఓకావ్ నవ్వాడు, కాస్త సిగ్గుపడుతున్నట్టు. "పేర్లూ గీర్లూ నాకేం తెలుసు మావయ్యా. పైనుంచి లోడుతో దిగుతూ ఉంటే బ్రేకుల కంపంతా ముక్కులోనే ఉంటది. ఇక్కడ ఆగి అత్త టీ తాగితే అది గొంతులో ఉండిపోద్ది. కింద వంతెన దాకా ఉంటది, నిజంగా! వక్క వేసుకుంటే పోద్దని వంతెన దాటేదాకా వేసుకోనుగా నేను. మా ఆవిడకి చెప్తే నమ్మలేదు. 'నువ్వు? వక్క మానావా? ఎవత్తిరా అది?' అంది."

లారీ వెళ్లిపోయింది. చుయ్‌హోక్ కాలవలో కాడల టీ ఇంకిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

టీ పోటీ ఎలా జరుగుతుందో ఆయన చాలాసార్లు చూశాడు. తెల్లకోటు జడ్జీలు వరసగా పెట్టిన కప్పుల్లోంచి ఒక్కో గరిటె తీసుకుని, చప్పుడు చేస్తూ పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న డబ్బాలో ఊసేస్తారు. ఊసెయ్యాలి కూడా, లేకపోతే అన్ని టీలు చూడలేరు. వాళ్ల తప్పేం లేదు. కానీ తన టీ అసలు సంగతంతా మింగాకే మొదలవుతుంది. ఊసేసేవాళ్ల మెప్పు కోసమా దీన్ని దాచాను అనుకున్నాడు. వక్క లేకుండా పూట గడవనివాడు దానికోసం వంతెన దాకా నోరు కట్టుకుంటున్నాడు. ఇంతకాలం టీ చేసినా తనకు అంత మాట ఎవరూ చెప్పలేదు. చుయ్‌హోక్‌కు ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు.

మరునాడు పొద్దున పోటీ మూటలు ఎత్తుకెళ్లే ట్రాలీ ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. అప్పటికి చుయ్‌హోక్ మూట విప్పి, గుప్పెడు ఆకు తీసి, గుండిగ ముందు నిలబడి ఉన్నాడు. గుమ్మంలోకి వచ్చి, చెయ్యి ఊపి, పొమ్మన్నాడు.

"మావయ్యా, నీదే మిగిలింది! రాదా?"

"రాదు. పోనివ్వు."

ట్రాలీ వెళ్లిపోయింది. ఆయన ఆవిరి మీదకు వంగాడు. గడ్డి, పువ్వు, ఇదిగో గంజి. సంచీ లాగేశాడు. దుమ్ము పడకుండా వేడి వేడిగా క్యానులో పోసి, మూత గట్టిగా బిగించి, మలుపులో పెట్టి, ఓకావ్ వచ్చేదాకా అక్కడే తచ్చాడాడు.

ఓకావ్ తాగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి, మొహమాటపడ్డాడు.

"చెప్పరా, నసగకు."

"ఆకు అదే మావయ్యా, మాటే లేదు. చెయ్యి మాత్రం అత్తది కాదు. ఏదో... ఉడికినట్టుంది."

ఇంకెవడైనా ఆ మాట అని ఉంటే చుయ్‌హోక్ కప్పు లాక్కునేవాడు. ఇప్పుడు మాత్రం, ఎక్కడ ఉడికించానబ్బా అని ఆలోచిస్తూ ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం, మబ్బు దిగుతున్న వేళ, కోత జట్టు వ్యాను బోంగ్‌చీని మలుపులోనే దింపింది. గోనెమూట భుజాన వేసుకునే తిన్నగా క్యాను దగ్గరకు వెళ్లి, కుళాయి తిప్పి తాగింది. చుయ్‌హోక్ ఎదురొచ్చాడు.

"మూత పెట్టావా?" అంది, పలకరింపుకు బదులు.

"పెట్టాను. దుమ్ము పడుతుందనీ..."

"వేడి మీద మూత పెడితే ఉడికిపోదూ? గాలికి ఆరనిచ్చి, చల్లారాక పొయ్యాలి. అదే చెప్పబోతే 'విన్నాన్లే' అన్నావు!" ఇంకో గుక్క తాగి, ఆగింది. "ఇది డబ్బాలో ఆకే. మరి మూట? ఇవాళ కదూ పోటీకి ఇవ్వాల్సింది?"

"ఇవ్వలేదు. విప్పేశాను."

"నువ్వా!"

చుయ్‌హోక్ ఇక దాచలేకపోయాడు. ఓకావ్ మాటలన్నీ చెప్పాడు, వంతెన దాకా వక్క మానడం చెప్పాడు. బోంగ్‌చీ మొహం విప్పారింది. అప్పుడు తల దించుకుని, అసలు ఓకావ్ ఆ మాటెందుకు అనాల్సి వచ్చిందో కూడా చెప్పాడు. "నిన్న కాడల టీ పోశానే. ఒక్క రోజే. నేలతాతని మోసం చేద్దామనుకున్నాను."

కేకలు పడతాయని భుజాలు దగ్గరకు తీసుకుని నిలబడ్డాడు. ఆవిడ గోనెమూట నేల మీద పడేసి, ఆయన ఎడమ చెయ్యి జేబులోంచి లాక్కుంది. బ్లేడు తీసేసినా చూపుడు వేలికి పట్టీ ఇంకా ఉంది, వేళ్లు ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి. ఆ వేళ్లతో ఆయన బొటనవేలు పట్టుకుని వంచింది. వంగింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్కటీ వంచి, వదిలి, మళ్లీ వంచి చూసింది. "మూసుకో," అంది. మూశాడు. "తెరువు." తెరిచాడు. "నా చెయ్యి గట్టిగా పట్టుకో. ఇంకా గట్టిగా." పట్టుకున్నాడు. గుడి వైపు తిరిగి, ఆయన చెయ్యిని తన రెండు చేతుల్లో ఇరికించుకునే దణ్ణం పెట్టింది, చాలాసేపు పెట్టింది.

ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది.